మండుటెండలో వణుకు: నవ్వి వదిలేయకండి

పరీక్షలు అయిపోయాయంటే మన పిల్లల కాళ్లు ఇంట్లో నిలవవు. కుండల్‌వాడి చుట్టుపక్కల ఊళ్లలోనైతే చెప్పనే అక్కర్లేదు. ఒక వైపు మంజీర, ఇంకో వైపు గోదావరి. రెండూ కలిసే కందకుర్తి సంగమం రాష్ట్ర సరిహద్దు దాటగానే వస్తుంది. చేన్లలో బావులు ఉండనే ఉన్నాయి. మే నెలలో ఎండ 42, 43 డిగ్రీలు దాటుతుంటే ‘బాయిల ఈతకు పోతం’ అని పిల్లలు అడిగినప్పుడు కాదనడానికి మనకే మనసు రాదు. భివండి, షోలాపూర్, ముంబయి నుంచి సెలవులకు అమ్మమ్మ ఊరికి వచ్చిన పిల్లలకైతే ఆ ఈతే పెద్ద పండుగ.

సాయంత్రం వాళ్లు ఒడ్డెక్కే తీరు మనందరికీ తెలుసు. పెదాలు నల్లబడి ఉంటాయి. వేళ్ల చివర్లు నానిన చింతపండులా ముడతలు పడి ఉంటాయి. పళ్లు టకటకలాడుతుంటాయి. ‘సలి పెడుతుందా?’ అని అడిగితే లేదన్నట్టు తల అడ్డంగా ఊపుతారు. అవునంటే ఇంటికి తీసుకుపోతారని వాళ్ల భయం. మనం నవ్వుతాం. ‘ఇంత ఎండలో చలేంట్రా’ అని ఇంకో రెండు మునకలు వేయనిస్తాం. బడి తరఫున పిల్లల్ని నీళ్ల దగ్గరికి తీసుకెళ్లిన మేమూ అలా నవ్వినవాళ్లమే. అందుకే ఈ వేసవికి ముందు ఒక్క మాట గట్టిగా చెప్పాలనుకున్నాం. ఎండాకాలంలో నీళ్లలో వణికే పిల్లవాడు వేళాకోళానికి కాదు, వెంటనే ఒడ్డుకు చేర్చడానికి. ఆ వణుకు శరీరం చేస్తున్న మొదటి హెచ్చరిక.

ఎండదెబ్బ గురించి మనకు తెలిసినంతగా దానికి ఎదురు జబ్బు గురించి తెలియదు. ఎండదెబ్బలో ఒంటి వేడి అదుపు తప్పి పెరుగుతుంది. దీనిలో ఒంటి వేడి అదుపు తప్పి పడిపోతుంది. డాక్టర్లు దీన్ని హైపోథర్మియా అంటారు. మామూలుగా మన ఒంటి లోపలి వేడి 37 డిగ్రీల దగ్గర ఉంటుంది. అది 35 కంటే కిందికి దిగితే హైపోథర్మియా మొదలైనట్టే. అంటే మధ్యలో ఉన్నది రెండే డిగ్రీలు. ఈ రెండు డిగ్రీలు పోవడానికి మంచు కొండలు ఎక్కనవసరం లేదు. బయట ఎండ మండుతున్నా నీళ్లలో ఎక్కువసేపు ఉంటే చాలు.

వేడి ఎక్కడికి పోతుంది?

గాలి 28 డిగ్రీలుంటే మనకు హాయిగా ఉంటుంది. అదే 28 డిగ్రీల నీళ్లలో గంటసేపు కూర్చుంటే వణుకు పుడుతుంది. గాలి కంటే నీరు దాదాపు 25 రెట్లు వేగంగా ఒంట్లోని వేడిని లాగేస్తుంది. నీళ్లలో కదలకుండా ఉన్న మనిషికి ఒంటి వేడి తగ్గకుండా ఉండాలంటే ఆ నీళ్లు 33 నుంచి 35 డిగ్రీల దాకా వెచ్చగా ఉండాలి. స్నానానికి కాచుకునే గోరువెచ్చని నీళ్లలాంటివి అన్నమాట. మన బావిగానీ నదిగానీ ఈత కొలనుగానీ సాధారణంగా అంత వెచ్చగా ఉండవు. అంటే నీళ్లలో దిగిన క్షణం నుంచే ఒంటి వేడి బయటికి పోవడం మొదలవుతుంది. ఈదుతూ, ఎగురుతూ ఉన్నంతసేపు శరీరం కొత్త వేడిని పుట్టించుకుంటూ నెట్టుకొస్తుంది. అలసిపోయాక ఆ పుట్టుబడి తగ్గుతుంది, పోయేది మాత్రం పోతూనే ఉంటుంది.

బావుల్లో ఇంకో చిక్కుంది. బావి నీళ్లు వేసవిలో చల్లగా, చలికాలంలో వెచ్చగా ఉంటాయని మన పెద్దవాళ్లు చెబుతారు. నిజానికి భూమి లోపలి నీటి వేడి ఏడాది పొడవునా పెద్దగా మారదు. మారేది బయటి గాలే. వేసవిలో ఎండ తగిలే పైపొర మాత్రం వెచ్చబడుతుంది. చల్లని నీరు బరువు కాబట్టి అడుగునే ఉండిపోతుంది. చేయి ముంచి చూసి ‘వెచ్చగానే ఉన్నాయి’ అనుకున్నవాడు గట్టు మీది నుంచి దూకితే ఒక్కసారిగా చల్లని పొరలోకి వెళతాడు. చెరువుల్లోనూ, లోతైన మడుగుల్లోనూ ఇంతే.

మూడోది ఒడ్డెక్కాక జరిగేది. ఇంటి ముందు రంజన్‌లో నీళ్లు ఎందుకు చల్లబడతాయో మన పిల్లలకు సైన్సు పాఠంలో చెబుతాం. మట్టి గోడ నుంచి ఊరిన నీరు గాలికి ఆవిరవుతూ లోపలి వేడిని తీసుకుపోతుంది. గాలి ఎంత పొడిగా ఉంటే అంత బాగా చల్లబడతాయి. తడి బట్టలతో గాలికి నిలబడ్డ పిల్లవాడు కూడా ఆ రంజన్ లాంటివాడే. పొద్దు వాలాక, చెట్టు నీడలో, కదిలే జీపులో, ట్రాక్టర్ ట్రాలీలో వాడి ఒంటి వేడి ఇంకా తగ్గుతూనే ఉంటుంది. నీళ్లలోంచి తీశాం కదా, గండం గడిచింది అనుకోవడానికి లేదు.

పిల్లలకే ఎందుకు ఎక్కువ?

పెళ్లి వంటలో గంజు నిండా వండిన అన్నం గంటలు గడిచినా పొగలు కక్కుతూనే ఉంటుంది. దానిలోంచి ఒక గిన్నెలోకి తీసింది కాసేపటికే చల్లారుతుంది. అన్నం ఒకటే, వేడి ఒకటే. చిన్న గిన్నెలో లోపలి అన్నం తక్కువ, గాలి తగిలే భాగం ఎక్కువ. పిల్లల శరీరం ఆ చిన్న గిన్నె లాంటిది. 20 కిలోల పిల్లవాడికి, 60 కిలోల మనిషికి లెక్క వేసి చూస్తే కిలో బరువుకు బయటికి కనిపించే చర్మం పిల్లవాడికే దాదాపు ఒకటిన్నర రెట్లు ఎక్కువ. చర్మం కింద కొవ్వు కూడా పెద్దవాళ్లకున్నంత ఉండదు. బక్కగా ఉన్న పిల్లలకు మరీ తక్కువ. పొద్దున ఏమీ తినకుండా నీళ్లలోకి ఉరికిన పిల్లవాడికి వణకడానికి కావలసిన శక్తి కూడా మిగలదు.

మనం పెద్దవాళ్లం ఒడ్డున కూర్చుని ‘నాకేం చలి లేదే’ అనుకుంటూ వాళ్లను కొలుస్తాం. కొలవాల్సింది మన ఒంటితో కాదు, వాళ్ల ఒంటితో.

ఆడపిల్లల విషయం ప్రత్యేకంగా చెప్పాలి. మగపిల్లలు చొక్కా విప్పి దిగుతారు, ఎక్కగానే పొడి చొక్కా తొడుక్కుంటారు. ఆడపిల్లలు నిండు బట్టలతో దిగుతారు. మార్చుకోవడానికి చాటు ఉండదు. ఆ తడి బట్టలతోనే బస్సు ఎక్కి, కిటికీ గాలికి గంటా గంటన్నర ప్రయాణం చేస్తారు. అడగడానికి సిగ్గు, చెప్పడానికి మొహమాటం. బడి తరఫున తీసుకెళ్లేటప్పుడు నాలుగు చీరలు కట్టి ఒక చాటు చేయడం పెద్ద పని కాదు. దాన్ని మనం మర్యాదకు సంబంధించిన సంగతిగానే చూస్తాం. అది ఆరోగ్యానికి సంబంధించింది కూడా.

ముందు పోయేది చేతి పట్టు

ఒంటి వేడి తగ్గుతుంటే శరీరం ముందుగా గుండె, మెదడు లాంటి ముఖ్యమైన అవయవాలను కాపాడుకుంటుంది. అందుకోసం చేతులకు, కాళ్లకు వెళ్లే రక్తాన్ని తగ్గించేస్తుంది. పెదాలు నల్లబడేది, వేళ్లు తెల్లబడేది ఇందుకే. రక్తం తగ్గిన వేళ్లు మొద్దుబారతాయి. కొంకర్లు పోతాయి. తాడు పట్టుకున్నా పట్టు నిలవదు.

ఈ ఒక్క సంగతి తెలిస్తే చాలా ప్రమాదాలు వేరుగా కనిపిస్తాయి. ‘వాడికి ఈత బాగా వచ్చు కదా, ఎట్ల మునిగిండు?’ అని ఊళ్లో అందరూ అడిగే ప్రశ్నకు ఒక జవాబు ఇక్కడ ఉంది. ఈత రావడం వేరు, ఈదడానికి చేతులు కదలడం వేరు. బావిలో గంటన్నర ఆడినవాడు చివరికి రాతి మెట్లు పట్టుకుని ఎక్కాలి. ఎక్కడానికి కావలసింది వేళ్ల బలమే. అప్పటికి ఆ బలమే పోయి ఉంటుంది. మన దగ్గర చలి తనంతట తాను ప్రాణం తీసే సందర్భాలు అరుదే కావచ్చు. అది పిల్లవాడిని బలహీనం చేసి నీళ్లకు అప్పగిస్తుంది. అందుకే అది ఎవరి కంటా పడదు. అందరూ ‘మునిగిపోయాడు’ అనే అంటారు.

దూరం నీళ్లు ఇంకా చల్లన

మన పిల్లలు ఎప్పుడూ మంజీర ఒడ్డునే ఉండరు. చదువుకని, టూర్లకని, ఉద్యోగాలకని దూరం వెళతారు. మన నీళ్ల లెక్కతో అక్కడి నీళ్లలోకి దిగుతారు. అదే అసలు భయం.

2014 జూన్ 8న హిమాచల్ ప్రదేశ్‌లో జరిగింది తెలుగువాళ్లు మరచిపోలేరు. హైదరాబాద్‌లోని వి.ఎన్.ఆర్. విజ్ఞాన జ్యోతి ఇంజినీరింగ్ కళాశాల విద్యార్థులు పర్యటనకు వెళ్లి మండీ జిల్లాలో బియాస్ నది ఒడ్డున ఆగారు. బండరాళ్ల మీదికి వెళ్లి ఫొటోలు దిగుతుండగా లార్జి జలవిద్యుత్ ప్రాజెక్టు నుంచి వదిలిన నీళ్లు ఒక్కసారిగా ముంచెత్తాయి. 24 మంది విద్యార్థులు, వారి వెంట ఉన్న టూర్ నిర్వాహకుడు కొట్టుకుపోయారు. మృతదేహాల కోసం రోజుల తరబడి గాలించాల్సి వచ్చింది. వాళ్లను తీసుకుపోయింది ప్రవాహ వేగమే, చలి అని మేం అనడం లేదు. అయితే బియాస్ పుట్టేది రోహ్‌తాంగ్ కనుమ దగ్గరి మంచులో. జూన్ అంటే హైదరాబాదు వాళ్లకు ఎండాకాలం. ఆ నదికి మాత్రం మంచు కరిగి పారే కాలం. అలాంటి నీళ్లలో ప్రవాహం లేకపోయినా ఈతగాడికి దొరికే వ్యవధి చాలా తక్కువ.

2024 ఏప్రిల్ 17న స్కాట్లాండ్‌లో డండీ విశ్వవిద్యాలయంలో చదువుతున్న ఆంధ్రప్రదేశ్ విద్యార్థులు ఇద్దరు లిన్ ఆఫ్ టమ్మెల్ అనే జలపాతం దగ్గర నీళ్లలో పడి ప్రాణాలు కోల్పోయారు. స్నేహితులతో కలిసి సరదాగా నడకకు వెళ్లిన రోజది. ఏప్రిల్ వచ్చేసరికి అక్కడ ఎండ కాస్తుంది, చెట్లు చిగురిస్తాయి. నీళ్లు మాత్రం చలికాలపు చల్లదనాన్ని ఇంకా వదలవు. గాలి త్వరగా వేడెక్కుతుంది, నీరు ఆలస్యంగా వేడెక్కుతుంది.

అంత చల్లని నీళ్లలో పడినప్పుడు మొదటి ఒకటి రెండు నిమిషాలే కీలకం. ఒంటికి చల్లని నీరు తగలగానే మనకు తెలియకుండానే పెద్దగా గుక్క పీలుస్తాం. తల నీళ్లలో ఉండగా ఆ గుక్క పడితే నీరే లోపలికి పోతుంది. తర్వాత ఊపిరి ఎగశ్వాసగా మారుతుంది, గుండె దడదడలాడుతుంది. నీళ్లు 15 డిగ్రీల కంటే చల్లగా ఉంటే ఇది తీవ్రంగా ఉంటుంది. 25 డిగ్రీల లోపు నీళ్లలో కూడా కొంత ఉంటుంది. అప్పుడు చేయవలసింది ఈదడం కాదు. వెల్లకిలా తేలి, తల వెనక్కి వాల్చి, ఊపిరి కుదుటపడేదాకా ఆగడం. ఆ తర్వాతే ఒడ్డు వైపు కదలాలి, లేదా సాయం కోసం కేకేయాలి. బ్రిటన్‌లో సముద్ర తీరాల్లో ప్రాణరక్షణ చేసే ఆర్.ఎన్.ఎల్.ఐ. సంస్థ పిల్లలకు నేర్పే మొదటి పాఠం ఇదే: ముందు తేలు. విదేశీ చదువులకు పంపే ముందు వీసా కాగితాలు పదిసార్లు చూసుకునే మనం ఈ ఒక్క పాఠం కూడా చెప్పి పంపాలి.

నీళ్లలో దిగకపోయినా తడిస్తే ఇదే ప్రమాదం. 1996 ఆగస్టులో అమరనాథ్ యాత్రలో వాన, మంచు ఒక్కసారిగా ముంచుకొచ్చి రెండు వందల మందికి పైగా యాత్రికులు చనిపోయారు. చాలామందిని బలిగొన్నది తడి, గాలి, చలి. అదీ శ్రావణ మాసంలో.

గేట్ల కింది నది

బియాస్ సంగతి చెప్పుకున్నాం కాబట్టి మన గోదావరి గురించి కూడా ఒక మాట. ధర్మాబాద్ తాలూకాలోని బాబ్లీ బ్యారేజీ గేట్లు 2013 ఫిబ్రవరి 28 నాటి సుప్రీంకోర్టు తీర్పు ప్రకారం జులై 1 నుంచి అక్టోబర్ 28 దాకా తెరిచి ఉంచుతారు. మిగతా నెలల్లో మూసి ఉంటాయి. అంటే వేసవిలో ఎండిపోతుందని మన తాతలు చెప్పిన చోట ఇప్పుడు గేట్ల వెనక లోతు నీళ్లు ఉండవచ్చు. మార్చి 1న 0.6 టీఎంసీల నీటిని కిందికి వదలాలని కూడా ఆ తీర్పులో ఉంది. మార్చి అంటే హోలీ నెల. రంగులాడి నదిలో కడుక్కోవడానికి పిల్లలు గుంపుగా వెళ్లే రోజులు. గంటసేపు నీళ్లలో ఉండి కాళ్లు మొద్దుబారినవాడు నీటిమట్టం పెరుగుతుంటే పరిగెత్తలేడు. నదికి వెళ్లే ముందు గేట్ల సంగతి కనుక్కోవడం, ఒడ్డున ఒక పెద్దమనిషిని నిలబెట్టడం ఎవరికీ భారం కాదు.

మూడు తడబాట్లు

ఒంటి వేడి ఎంత తగ్గిందో చూడటానికి ఒడ్డున థర్మామీటరు అక్కర్లేదు. మామూలు జ్వరం థర్మామీటరు చాలావరకు 35 కంటే కిందికి చూపనే చూపదు. దాని బదులు మూడు తడబాట్లు గుర్తుపెట్టుకుంటే చాలు.

మొదటిది చేతి తడబాటు. బొటనవేలితో అదే చేతి చిటికెనవేలిని తాకమనండి. తాకలేకపోతే, గుండీ పెట్టుకోలేకపోతే ఆట ముగిసినట్టే.

రెండోది మాట తడబాటు. రెండో ఎక్కం చెప్పమనండి. మాట ముద్దగా వస్తున్నా, తెలిసిన ఎక్కమే మధ్యలో ఆగిపోతున్నా ప్రమాదం లోపలిదాకా వెళ్లినట్టు.

మూడోది నడక తడబాటు. నాలుగడుగులు తిన్నగా వేయలేకపోతున్నా, ఉన్నట్టుండి విసుక్కుంటున్నా, ఒక మూల కూర్చుని నిద్రకు జోగుతున్నా ఇంక ఇంటి వైద్యం కాదు, ఆసుపత్రికే.

అన్నిటికంటే మోసపోయేది ఒక చోట ఉంది. గజగజ వణుకుతున్న పిల్లవాడు వెచ్చబడకుండానే వణకడం మానేస్తే ‘తగ్గింది’ అని ఊపిరి పీల్చుకుంటాం. అది తగ్గడం కాదు. ఒంటి వేడి 32 డిగ్రీల దరిదాపులకు, అంతకంటే కిందికి పడిపోతే వణికే శక్తి కూడా పోతుంది. వణుకుతున్నంతసేపు శరీరం పోరాడుతున్నట్టు. ఆగిపోతే అది ఓడిపోతున్నట్టు.

ఏం చేయాలి, ఏం చేయకూడదు

ముందు నీళ్లలోంచి తీయాలి. బాగా చలి పట్టినవాణ్ని నిలబెట్టి నడిపించకూడదు. పడుకోబెట్టాలి. గాలి తగలని చోటికి చేర్చి తడి బట్టలు విప్పి, పొడి గుడ్డతో అద్దాలి. నేల చల్లదనం తగలకుండా కింద గొంగడో చాపో వేయాలి. తలతో సహా దుప్పటి కప్పి ముఖం మాత్రం బయట ఉంచాలి. దుప్పటి లేకపోతే పెద్దవాళ్లు ఒంటికి ఒళ్లు తగిలేలా దగ్గరికి తీసుకుని పైన చీర కప్పుకున్నా సరే. మెలకువగా ఉండి, గ్లాసు తానే పట్టుకోగలిగితే వెచ్చని తీపి టీ గానీ, బెల్లం నీళ్లు గానీ, పాలు గానీ తాగించవచ్చు. తినడానికి ఏదైనా పెట్టాలి.

చేతులు, కాళ్లు గట్టిగా రుద్దకూడదు. అక్కడి చల్లని రక్తం ఒక్కసారిగా గుండె వైపు వస్తే ప్రమాదం. మంట దగ్గర కూర్చోబెట్టడం, వేడినీళ్ల సీసా నేరుగా ఒంటికి ఆనించడం వద్దు. మొద్దుబారిన చర్మానికి కాలినా తెలియదు. ‘వేడి చేస్తుంది’ అని సారా చుక్క నోట్లో పోయడం అసలే వద్దు. అది చర్మానికి రక్తాన్ని పంపి ఉన్న వేడిని కూడా బయటికి తోసేస్తుంది.

మునిగిన పిల్లవాడికి ఊపిరి ఆడకపోతే తలకిందులు చేయడం, కడుపు నొక్కడం లాంటివి చేస్తూ విలువైన నిమిషాలు పోగొట్టుకోవద్దు. నోటితో ఊపిరి అందించడం, ఛాతీ నొక్కడం వెంటనే మొదలుపెట్టి సాయం అందేదాకా ఆపకూడదు. చల్లబడిన ఒంటిలో నాడి అందనంత మెల్లగా ఉండవచ్చు. చల్లగా ఉన్నాడు కాబట్టి అయిపోయిందని ఒడ్డున మనమే తీర్పు చెప్పకూడదు. 108 అంబులెన్సు నంబరు మహారాష్ట్రలోనూ తెలంగాణలోనూ ఒకటే. మన సరిహద్దులో ఫోన్ సిగ్నల్ ఏ వైపుది పడుతుందో చెప్పలేం. అందుకని ‘కుండల్‌వాడి, బిలోలి తాలూకా, నాందేడ్ జిల్లా, మహారాష్ట్ర’ అని పూర్తిగా చెప్పడం పిల్లలకూ అలవాటు చేయాలి.

బడి చేయగలిగినవి

నీళ్ల దగ్గరికి తీసుకెళ్లడం మానేయమని మేం అనం. ఈత నేర్వని పిల్లవాడికే ప్రమాదం ఎక్కువ. మేం అడిగేది కొన్ని చిన్న పద్ధతులు. నీళ్లలో 20 నిమిషాలు ఉంటే ఒడ్డున పావుగంట పొడిగా, ఎండలో ఉండాలి. ఎవరు వణికినా ఆ రోజుకు వాళ్ల ఆట అయిపోయినట్టే, ఎవరూ వెక్కిరించకూడదు. పిల్లలు ఇద్దరిద్దరుగా జత కట్టి ఒకరి పెదాలు ఒకరు చూసుకుంటూ ఉండాలి. ప్రతి పిల్లవాడి సంచిలో ఒక జత పొడి బట్టలు, ఒక తువాలు ఉండాలి. వెళ్లే ముందు కడుపునిండా తినాలి. పొద్దు వాలకముందే నీళ్లలోంచి బయటికి రావాలి. సికిల్ సెల్ ఉన్న పిల్లలకు చల్లని నీళ్లలో నొప్పులు తిరగబెట్టవచ్చు. మూర్ఛ ఉన్నవాళ్లను నీళ్లలో ఒక్క క్షణం కూడా ఒంటరిగా వదలకూడదు. ఈ సంగతులు తల్లిదండ్రులు దాచకుండా ముందే టీచర్లకు చెప్పాలి. వాటర్ పార్కులో నీడన ఉన్న అలల కొలనుకు కూడా ఈ పద్ధతులన్నీ వర్తిస్తాయి.

2027లో గోదావరి పుష్కరాలు వస్తున్నాయి. బాసర, కందకుర్తి, ధర్మాబాద్, నాందేడ్ ఘాట్లకు మన ఇళ్లన్నీ కదులుతాయి. తెల్లవారుజామున మునిగి, తడి బట్టలతో వరుసల్లో నిలబడేది ముసలివాళ్లు, చంటిపిల్లలే. వాళ్లిద్దరికే ఈ చలి త్వరగా తగులుతుంది. సంచిలో కొబ్బరికాయ పెట్టుకునేటప్పుడే ఒక పొడి దుప్పటి కూడా పెట్టుకుందాం.

చలికి మన మాట

చివరిగా మన బళ్లకే సంబంధించిన మాట. ఇంట్లో తెలుగు, వీధిలో మరాఠీ, పుస్తకంలో ఇంకోటి అయినప్పుడు పిల్లలు ఒంట్లో బాగోలేని సంగతి ఏ భాషలో చెప్పాలో తెలియక ఊరుకుంటారు. మరాఠీ టీచరుకు ‘థండీ వాజతే’ అన్నంతవరకే చెప్పగలరు. అది ఫ్యాను కింద కూర్చున్నవాడు కూడా అనే మాటే. తెలుగులో మనకు మెట్లు మెట్లుగా మాటలున్నాయి. ఒళ్లు జలదరిస్తోంది, వణుకు పుడుతోంది, ఇగం పెడుతోంది, వేళ్లు తిమ్మిరెక్కాయి, కొంకర్లు పోతున్నాయి, నాలుక మొద్దుబారింది. ఈ వరుస చదివితే హైపోథర్మియా ఒక్కో మెట్టూ దిగినట్టే ఉంటుంది. ‘సలి పెడుతుంది’ అన్నవాడికి తువాలు చాలు. ‘వేళ్లు కొంకర్లు పోతున్నయ్’ అన్నవాడిని నీళ్లలోంచి ఎత్తుకురావాలి.

ఈ మాటలను తరగతిలో ఒక రోజు బోర్డు మీద రాయండి. పక్కనే మరాఠీలో హుడ్‌హుడీ, కుడ్‌కుడణే కూడా రాయండి. నది ఒడ్డున ‘ఖోల్ పాణీ’ అని మరాఠీలో బోర్డు ఉంటే, తెలంగాణ నుంచి వచ్చిన మేనమామ కొడుక్కి ‘లోతు నీళ్లు, దిగకు’ అని చెప్పగలిగేది మన బడి పిల్లవాడే. ప్రాథమిక దశలో మాతృభాషలో బోధనకు వీలు కల్పించాలని రాజ్యాంగం 350-ఏ అధికరణంలో చెప్పింది. ఆ హక్కు కోసం దరఖాస్తులు రాస్తూనే, ఒడ్డున వణికే పిల్లవాడి నోటికి సరైన మాట అందించడం కూడా మాతృభాషలో చదువే అని మేం అనుకుంటున్నాం.

ఈ సెలవుల్లో మీ పిల్లవాడు నల్లబడ్డ పెదాలతో ‘ఇంకొక్కసారి దూకుతా’ అని బతిమాలినప్పుడు మీరేం చేస్తారో ముందే నిర్ణయించుకోండి. మేం నిర్ణయించుకున్నాం. ఈసారి నవ్వం. తువాలు చాపి పట్టుకుని, పేరు పెట్టి పిలుస్తాం.